అట్లాస్ భుజం మీద ఆకాశం: బరోక్ పద్ధతిలో సిరా బొమ్మ గీయడం ఎలా

మనకు అట్లాసు అంటే బడిలో తిరగేసిన పటాల పుస్తకం. 1595లో భూగోళ శాస్త్రవేత్త మెర్కేటర్ పటాల సంపుటి ఆ పేరుతో వెలువడ్డాక ఆ మాట అలా స్థిరపడిపోయింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే అట్లాస్ గ్రీకు పురాణాల్లో ఒక టైటాన్, అంటే దేవతలకు ముందు తరంవాడు. దేవతలతో యుద్ధానికి దిగిన పక్షాన నిలిచి ఓడిపోయాడు. దేవతల రాజు జ్యూస్ అతనికి వేసిన శిక్ష ఆకాశాన్ని మోస్తూ నిలబడటం. చాలామంది అతని భుజాల మీద భూగోళం పెడతారు. అది పొరపాటు. అతను మోసేది నక్షత్రాలున్న ఖగోళాన్ని. ఆ గోళం మీద ఖండాలు గీస్తే కథే మారిపోతుంది.

ఈ అట్లాస్‌ను బరోక్ కాలపు, అంటే పదిహేడో శతాబ్దపు ఇటలీ చిత్రకారుల తీరులో, పాళీ గీతలతో, నీళ్లు కలిపిన గోధుమ రంగు సిరా నీడలతో ఎలా గీయాలో ఇక్కడ చెబుతున్నాను. గురువుగా గ్వెర్చీనోను పెట్టుకుందాం. అసలు పేరు జొవాన్నీ ఫ్రాంచెస్కో బార్బియేరి. 1591లో చెంతో అనే చిన్న ఊళ్లో పుట్టాడు, 1666లో బొలోన్యాలో కన్నుమూశాడు. గ్వెర్చీనో అంటే మెల్లకన్నువాడు అని అర్థం. చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. 1646లో అట్లాస్‌ను తైలవర్ణంలో వేశాడు. ఆ చిత్రం ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని బర్దీనీ మ్యూజియంలో ఉంది. అయితే నాకు అతని తైలవర్ణాలకన్నా సిరా బొమ్మల మీదే ప్రాణం. అరచేతి వెడల్పు కాగితం మీద నాలుగు గీతలు, రెండు నీడలు వేసి, మనిషి ఊపిరి తీస్తున్నట్టు చూపించగలిగినవాడు అతను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ పద్ధతిలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన రంగు కాగితపు తెలుపు. దాన్ని వేయడం కుదరదు, కాపాడుకోవాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ తెలుపును కాపాడటానికే.

ఇలా నీళ్లు కలిపిన సిరాతో వేసే నీడను "వాష్" అంటారు. ఆ మాట గురించి కూడా ఒక్క ముక్క. తెలుగు చిత్రకారుల్లో వాష్ అనగానే బెంగాల్ శైలి గుర్తుకొస్తుంది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ నేర్పినది, అడివి బాపిరాజు లాంటివారు నేర్చుకున్నది అదే. అందులో రంగులు వేసిన కాగితాన్ని నీళ్లలో తడిపి, మళ్లీ రంగు వేసి, మంచు కప్పినట్టు మెత్తని పొరలు తెస్తారు. బరోక్ వాష్ దానికి పూర్తిగా ఎదురు. ఇక్కడ నీడ ఒక్క దెబ్బతో పడుతుంది, పడినచోటే ఉంటుంది, అంచు స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు అరగంట చూడండి

గ్వెర్చీనో బొమ్మలు వందల సంఖ్యలో ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్నాయి. అతని మేనల్లుళ్లయిన జెన్నారీల కుటుంబం దాచుకున్నవాటిని పద్దెనిమిదో శతాబ్దంలో మూడో జార్జి రాజు కోసం కొన్నారు. ఆ సేకరణలోని బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉచితంగా, పెద్దవి చేసుకుని చూడవచ్చు. ఒక్క బొమ్మ ఎంచుకోండి, దాంతోనే అరగంట గడపండి. పది బొమ్మలు చకచకా చూస్తే ఏమీ అంటదు.

వెలుగు పడే వైపు గీత ఎక్కడ ఆగిపోయిందో వెతకండి. భుజం మీద వెలుగు పడుతుంటే అక్కడ గీత తెగిపోయి ఉంటుంది, మళ్లీ మోచేతి దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఉన్నది వట్టి కాగితం. మన కన్ను ఆ ఖాళీని భుజంగా చదివేస్తుంది. తర్వాత నీడల్లో ఎన్ని రకాల ముదురు ఉందో లెక్కపెట్టండి. చాలా బొమ్మల్లో రెండు, మహా అయితే మూడు. కళ్లు ఎలా వేశాడో చూడండి. కనుపాప ఉండదు, రెప్ప ఉండదు. కనుబొమ కింద చిన్న నీడ చుక్క, అంతే.

ఇంకొక సంగతి. ఈ బొమ్మలు ఇవాళ గోధుమ రంగులో కనిపిస్తున్నాయి కదా, గీసిన రోజున వీటిలో చాలావాటి రంగు అది కాదు. అప్పట్లో వాడిన ఇనుప సిరా మొదట నల్లగా ఉండి, శతాబ్దాలు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. మనం పాతబడ్డ రంగును చూసి మురిసిపోతున్నాం. అందుకే గోధుమ రంగు ఏ ఛాయలో ఉండాలన్న దాని మీద ఎక్కువ బెంగ పెట్టుకోకండి.

సిరా

మూడు దారులున్నాయి.

మొదటిది తేలిక. నీళ్లలో కరిగే గోధుమ రంగు సిరా కొనుక్కోవడం. వాల్‌నట్ ఇంకు అనే పేరుతో దొరికేది ఈ పనికి బాగా సరిపోతుంది. అది దొరకకపోతే బర్న్ట్ అంబర్ నీటిరంగులో చిటికెడు అల్ట్రామెరీన్ నీలం కలపండి. ఇండియన్ ఇంకు మాత్రం మొదటి బొమ్మకు వద్దు. ఆరితే తడికి చెక్కుచెదరదు, కాబట్టి గీత మీద నీళ్లు పడినప్పుడు కొంచెం కరిగి నీడలో కలిసే ఆ మెత్తదనం రాదు.

రెండోది బిస్టర్. కట్టెల పొయ్యి పొగగొట్టంలో పేరుకున్న మసిని నీళ్లలో మరిగించి, వడగట్టి తీసే రంగు. యూరప్‌లో బీచ్ చెట్టు కట్టెల మసి వాడేవారు. మన పల్లెల్లో కట్టెల పొయ్యి ఉన్న వంటింటి పైకప్పుకు పట్టే జిగట మసితో కూడా పసుపు కలిసిన గోధుమ రంగు వస్తుంది. కట్టెను బట్టి రంగు మారుతుంది. ప్రయత్నించి చూడదగినదే.

మూడోది గ్వెర్చీనో వాడిన ఇనుప సిరా. ఇది తయారుచేయడానికి కావలసినవన్నీ ఆయుర్వేద మూలికల దుకాణంలో దొరుకుతాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మాచికాయ, అన్నభేది, తుమ్మ జిగురు. మాచికాయ నిజానికి కాయ కాదు. ఓక్ చెట్టు మీద ఒక చిన్న కందిరీగ జాతి పురుగు గుడ్డు పెట్టినప్పుడు చెట్టు ఆ గుడ్డు చుట్టూ ఉబ్బి గట్టిపడిన బుడిపె. అందులో వగరు పదార్థం దండిగా ఉంటుంది. ఆ వగరు, అన్నభేదిలోని ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది.

నేను వాడే పాళ్లు ఇవి: మాచికాయలు 30 గ్రాములు, అన్నభేది 20 గ్రాములు, తుమ్మ జిగురు 10 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్లు. మాచికాయలను కచ్చాపచ్చాగా దంచి రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టండి. పల్చని బట్టతో వడగట్టండి. అన్నభేది పొడి వేసి కర్రపుల్లతో కలపండి. అప్పటిదాకా టీ డికాషన్ రంగులో ఉన్న నీళ్లు మీ కళ్లముందే మబ్బు కమ్మినట్టు నల్లబడతాయి. చివర్లో కరిగించిన జిగురు కలపండి. గాజు సీసాలో పెట్టి మూత బిగించండి. వంటకు వాడే గిన్నెలు దీనికి వాడవద్దు, పిల్లలకు అందేచోట పెట్టవద్దు.

శ్రీకాళహస్తి కలంకారీ చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ బట్టను కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టి, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టిన నీళ్లతో గీస్తారు. కలం తగిలినచోటల్లా బట్ట నల్లబడుతుంది. కరక్కాయలోనూ వగరే, ఇక్కడా ఇనుమే. చెంతోలో గ్వెర్చీనో సీసాలో జరిగినదీ, శ్రీకాళహస్తిలో బట్ట మీద జరిగేదీ ఒకే రసాయన చర్య.

ఈ సిరాతో రెండు జాగ్రత్తలు. ఫౌంటెన్ పెన్నులో పోయకండి, పాడైపోతుంది. రెండోది, ఇది కాగితాన్ని మెల్లగా తింటుంది. ఇనుము, ఆమ్లం ఎక్కువైన చోట కాగితం చిల్లులు పడి రాలిపోతుంది. గ్వెర్చీనో బొమ్మల్లోనే చిక్కగా నల్ల సిరా పడ్డ చోట్ల ఇలా తిన్న గుర్తులు కనిపిస్తాయి. సాధనకు కొన్న సిరా వాడండి. దీన్ని ఒకటి రెండు బొమ్మలకు, ఆ అనుభవం కోసం వాడండి.

కాగితం, పాళీ, కుంచె

కాగితం విషయంలో పొదుపు చేయకండి. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న, నూలుతో చేసిన నీటిరంగుల కాగితం తీసుకోండి. హాట్ ప్రెస్డ్ రకం నునుపుగా ఉంటుంది, పాళీ సాఫీగా నడుస్తుంది. ఆ కాలంలో పాత నూలు, నార గుడ్డలతో చేసిన కాగితానికి జెలటిన్ పట్టించేవారు, మనం చీరకు గంజి పెట్టినట్టు. ఆ గంజి లేకపోతే సిరా నూలు దారాల్లోకి పాకి గీత ఈకలు ఈకలుగా విచ్చుకుంటుంది. మామూలు డ్రాయింగ్ షీటు మీద జరిగేది అదే. సగం ఏ4 పరిమాణం చాలు. ఇంతకన్నా పెద్దది వద్దు. మణికట్టు కదలికతో బొమ్మ అంతా అందాలి.

పాళీకి మామూలు ముంచి రాసే ఉక్కు పాళీ చాలు, మెత్తగా వంగే రకమైతే మరీ మంచిది. అయితే ఒక్కసారైనా ఈకతో గీసి చూడండి. పెద్ద బాతు రెక్క చివరి ఈకలు పనికొస్తాయి. కాడను రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. మర్నాడు మూకుడులో ఇసుక పోసి, శనగలు వేయించేటప్పుడు కాలినంత వేడి చేసి, కాడ కొనను కొన్ని క్షణాలు అందులో గుచ్చి తీయండి. మెత్తగా ఉన్న కాడ గట్టిపడుతుంది. పదునైన బ్లేడుతో ఏటవాలుగా కోసి, మధ్యలో సన్నని చీలిక పెట్టి, కొన సమం చేయండి. మొదటి రెండు మూడు తప్పకుండా చీలిపోతాయి. ఈక పాళీ మీ చేతి బరువుకు ఎంత తొందరగా స్పందిస్తుందంటే, భుజం దగ్గర కొంచెం ఒత్తగానే గీత రెండింతలు లావవుతుంది.

కుంచెలు రెండు చాలు. 8వ నంబరు గుండ్రటిది, 4వ నంబరుది. నీళ్లు బాగా పట్టి ఉంచేవీ, కొన సూదిగా కుదిరేవీ తీసుకోండి.

భంగిమ: బరువు ఎక్కడ ఉంది?

ఇది అసలైన మెట్టు. ఇక్కడ తొందరపడితే మిగతావన్నీ దండగ.

అట్లాస్‌ను గీసే చాలామంది కండలు తిరిగిన మనిషిని నిలబెట్టి, అతని తల మీద బంతి పెడతారు. ఆ బంతికి బరువు ఉండదు. బరువు గీయాలంటే బరువు మోసేవారిని చూడాలి. వ్యవసాయ మార్కెట్ యార్డుకు వెళ్లి ఒక గంట హమాలీలను చూడండి. బస్తా భుజం మీద పడిన క్షణంలో ఏం జరుగుతుందో గమనించండి. తల రెండో వైపుకు ఒరుగుతుంది, గడ్డం ముందుకు వస్తుంది. మోస్తున్న భుజం చెవి దాకా లేస్తుంది. మెడ వెనక తాడులాంటి కండ బిగుస్తుంది. నడుము పక్కకు వంగి, బరువు అంతా ఒక కాలి మీదికి దిగుతుంది. ఆ కాలి బొటనవేలు నేలను పట్టుకుంటుంది. భుజానికీ బస్తాకూ మధ్య మడిచిన తువ్వాలు నలిగి, దాని మడతలన్నీ ఒకే బిందువు వైపు పరుగెడతాయి. ఈ చివరిది బాగా గుర్తుపెట్టుకోండి. మన అట్లాస్‌కు వేసే ఉత్తరీయం అక్కడి నుంచే వస్తుంది. గ్వెర్చీనో కూడా బజార్లో తిరిగే మామూలు మనుషులను విస్తారంగా గీసుకున్నాడు. అతని దేవతల దేహాల్లో కనిపించే నిజమైన బరువు అక్కడిదేనని నా నమ్మకం.

ఇంట్లో ఎవరినైనా భంగిమ పెట్టమని అడిగితే, వారి భుజం మీద దిండు పెట్టకండి. దిండుకు కండరం స్పందించదు. సగం నిండిన నీళ్ల బిందె ఒక్క నిమిషం మోయమనండి, ఫోనులో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. గదిలో ఒక్క దీపం ఉండాలి, పైన ఎడమ వైపు నుంచి. రెండు దీపాలు ఉంటే నీడలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి.

మనిషి దొరకకపోతే ఆ కాలపు ఫ్రెంచి చిత్రకారుడు నికొలా పూసా చేసిన పని చేయండి. ఆయన చిన్న చిన్న మైనపు బొమ్మలు చేసి, వాటికి బట్ట చుట్టి, ఒక పెట్టెలో నిలబెట్టి, పెట్టెకు పెట్టిన రంధ్రాల్లోంచి వెలుగు పడేలా చేసి నీడలు చూసుకునేవాడు. మీరు చెప్పుల పెట్టె, బంకమట్టి, ఫోను టార్చి వాడండి. జానెడు మట్టి బొమ్మ, దాని మీద నిమ్మకాయ. నిమ్మకాయ నీడ మెడ మీద ఎలా పడుతుందో అరగంటలో తెలిసిపోతుంది.

ఫార్నేసే అట్లాస్ అనే పాలరాతి శిల్పం ఫొటోలు కూడా దగ్గర పెట్టుకోండి. రెండో శతాబ్దపు రోమన్ శిల్పం, ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. మోకాలు వంచి కుంగిన ముసలి అట్లాస్, మీద నక్షత్ర రాశులు చెక్కిన గోళం. బరోక్ కాలానికి అది రోమ్‌లోనే ఉండేది.

చిన్న చిన్న ప్రయత్నాలు

అసలు కాగితం ముట్టుకోకముందు పోస్టుకార్డు పరిమాణంలో ఆరు బొమ్మలు గీయండి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు. ఒకదాంట్లో అట్లాస్ నిలబడి ఉంటాడు, ఒకదాంట్లో మోకాలి మీద, ఒకదాంట్లో వీపు మనవైపు. గ్వెర్చీనో ఒకే విషయానికి బొమ్మ మీద బొమ్మ గీసేవాడు. మొదటిదాన్ని దిద్దేవాడు కాదు, కొత్తగా ఇంకోలా ఆలోచించేవాడు. ఆ అలవాటు చేసుకోండి. ఆరింటిలో గోళం అన్నిటికన్నా బరువుగా కనిపించేదాన్ని ఎంచుకోండి.

తర్వాత మంచి కాగితాన్ని బోర్డుకు టేపుతో అంటించి, ఎర్ర చాక్‌తో గానీ లేత పెన్సిల్‌తో గానీ పది పన్నెండు గీతలు మాత్రం గీయండి. గోళం చుట్టు, వెన్నెముక వంపు, రెండు భుజాల ఏటవాలు, పాదాల చోటు. ముఖం వద్దు, వేళ్లు వద్దు.

పాళీ

మెడా భుజమూ కలిసే చోట మొదలుపెట్టండి. బరువంతా అక్కడ ఉంది కాబట్టి అన్నిటికన్నా ఒత్తిన గీత కూడా అక్కడే ఉండాలి. అక్కడి నుంచి కిందికి, బయటికి వెళ్లండి.

గీతను మూసేయకండి. కుండ గీసినట్టు మనిషి చుట్టూ ఒక్క తెగని గీత వేస్తే వెలుగు లోపలికి రాదు. నీడ వైపు గీతలు లావుగా, వెలుగు వైపు సన్నగా, కొన్నిచోట్ల అసలు లేకుండా ఉండాలి. చేయి గీసేటప్పుడు భుజం నుంచి ముంజేతి దాకా ఒక్క ఊపులో గీయండి. గీత తప్పు చోట పడితే చెరపకండి, పక్కనే ఇంకొకటి గీయండి. రెండు గీతలూ ఉండనివ్వండి. ఆ కాలపు బొమ్మల్లో ఒక చేతికి మూడు గీతలు కనిపించడం మామూలే, చిత్రకారుడు వెతుక్కుంటున్న జాడ మనకు కనబడుతుంది.

గడ్డానికి చిన్న చిన్న కొక్కేల్లాంటి గీతలు, ఊరికే అలవోకగా. ఉత్తరీయానికి పొడవైన గీతలు, అన్నీ భుజం మీది ఆ నలిగిన బిందువు నుంచే పుట్టాలి. కళ్లకు రెండు చుక్కలు. ముఖం ఎంత తక్కువ గీస్తే అంత మంచిది.

నీడ వచ్చే చోట్ల పాళీతో దగ్గర దగ్గరగా గీతలు నింపాలనిపిస్తుంది. ఆ పని కుంచెకు వదిలేయండి. పది నిమిషాలు ఆరనివ్వండి.

నీడ

మూడు చిన్న గిన్నెలు తీసుకోండి. మొదటిదాంట్లో ఒక చెంచా సిరాకు ఇరవై చెంచాల నీళ్లు, రెండోదాంట్లో ఎనిమిది, మూడోదాంట్లో మూడు. మొదటిది పల్చని టీలా, రెండోది చిక్కని డికాషన్‌లా, మూడోది కాఫీ అడుగులా ఉండాలి. మీ సిరా చిక్కదనాన్ని బట్టి సర్దుకోండి. పక్కన చిత్తు కాగితం మీద వేసి చూసుకోండి. కొన్న సిరా, నీటిరంగు ఆరాక కొంచెం వెలిసినట్టవుతాయి. ఇనుప సిరా అందుకు ఎదురు, గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. దాంతో పని చేస్తుంటే మీరు అనుకున్నదానికన్నా పల్చగా వేయండి.

బోర్డు వెనక ఒక పుస్తకం పెట్టి కొంచెం వాలుగా ఉంచండి. ఇప్పుడు కళ్లు సగం మూసి మీ ఫొటోనో మట్టి బొమ్మనో చూడండి. వివరాలు మాయమై రెండే మిగులుతాయి, వెలుగు ముక్క, నీడ ముక్క. ఆ నీడ ముక్క ఆకారం పూర్తిగా మనసులోకి వచ్చేదాకా కుంచె ఎత్తకండి.

పెద్ద కుంచెను మొదటి గిన్నెలో నిండా ముంచండి. నీడ పైకొన దగ్గర కాగితానికి తాకించి కిందికి లాగండి. కుంచె ముందు ఒక సిరా బొట్టు నిండుగా నిలబడి మీతో పాటు కిందికి జారుతుంది. ఆ బొట్టును చూసుకుంటూ పోవాలి. బొట్టు ఆరిపోకముందే కుంచె మళ్లీ నింపుకుని అక్కడే అందుకోవాలి. మెడ, వీపు, తొడ వెనక భాగం, అన్నిటిమీదా నీడ తెగకుండా ఒకే ముక్కగా ప్రవహించాలి. మెడ నీడ వేరు, వీపు నీడ వేరు అని విడదీయకండి. అడుగుకు వచ్చాక మిగిలిన బొట్టును పిండిన కుంచె కొనతో పీల్చేయండి.

వేశాక చేతులు వెనక్కి కట్టుకోండి. తడిగా ఉన్నప్పుడు అది ముదురుగా, మచ్చలు మచ్చలుగా కనిపించి భయపెడుతుంది. ముట్టుకోకండి. ఆరేకొద్దీ అంచున సన్నని ముదురు గీత ఏర్పడుతుంది, వేసవిలో ఎండిన చెరువు గట్టున నీటి గుర్తు మిగిలినట్టు. పాళీతో గీయని గీత అది, నీరే గీసుకున్నది. భుజం వెలుగులోకి తిరిగే చోట ఆ అంచు పడితే, అక్కడ ఎముక ఉందని ఎవరూ చెప్పనక్కరలేదు. సగం ఆరిన నీడ మీద మళ్లీ కుంచె పెడితే ఆ అంచు చెదిరి, నీళ్లు వెనక్కి తన్ని పువ్వులా విచ్చుకుంటుంది. హెయిర్ డ్రయర్ కూడా వద్దు. అది తడిని చెదరగొడుతుంది.

పూర్తిగా ఆరాక రెండో గిన్నె. మొదటి నీడలో సగం కన్నా తక్కువ చోట మాత్రం వేయండి: గోళం కింద మెడ మీద పడే నీడ, చంక, ఉత్తరీయం లోపలి మడతలు, వంగిన మోకాలి వెనక. ఇది కూడా ఆరాక మూడో గిన్నె, చిన్న కుంచె. ఐదారు చోట్ల, అంతకు మించి వద్దు. గడ్డం కింద, కనుబొమ కింద, వేళ్ల సందుల్లో, పాదం నేలను తాకేచోట. చివరిదాన్ని మరిచిపోతే మీ అట్లాస్ గాల్లో తేలుతాడు.

గోళం

గోళాన్ని వృత్తలేఖినితో గీయకండి, మనిషి పక్కన అది యంత్రంలా కనిపిస్తుంది. చేత్తో రెండు మూడు చుట్లు తేలిగ్గా తిప్పండి. వెలుగు ఎడమ పైనుంచి వస్తోంది కాబట్టి అక్కడ కాగితం తెల్లగా వదలండి. కుడి అడుగున నీడ వేయండి, కానీ అంచు దాకా నింపేయకండి. అంచున సన్నని నెలవంక లాంటి లేత చోటు మిగలనివ్వండి. చుట్టుపక్కల నుంచి తిరిగొచ్చే వెలుగు అది. ఈ నెలవంక ఉంటేనే గోళం గుండ్రంగా తిరుగుతుంది, లేకపోతే దోశలా చదునుగా మిగులుతుంది. ఏటవాలుగా ఒక పట్టీ చుట్టి, అందులో రాశుల గుర్తులు రెండో మూడో సూచనగా గీయండి. వృశ్చికం తోక, మేషం కొమ్ములు. వెలుగు వైపున చుక్కలు కూడా వద్దు.

గోళానికి ఎక్కువ నీడలు వేసి ముద్దుగా తీర్చిదిద్దాలనే ఆశ అందరికీ కలుగుతుంది. గోళం తేలిగ్గా, మనిషి ముదురుగా ఉంటేనే బరువు తెలుస్తుంది. ఆకాశపు బరువు మెడ మీద పడిన నీడలో ఉంటుంది.

చెడిపోతే

సిరా బొట్టు పడితే వెంటనే అద్దుడు కాగితం మూల తగిలించి పీల్చండి, రుద్దకండి. ఆరాక దాన్ని రాయిగానో నేల నీడగానో మార్చవచ్చేమో చూడండి. చేయి మొత్తంగా తప్పితే, అదే రకం కాగితం ముక్క మీద మళ్లీ గీసి, కత్తిరించి అంటించండి. ఇది దొంగదారి కాదు, ఆ కాలపు చిత్రశాలల్లో అలాగే చేసేవారు. నీడ తెలుపును పూర్తిగా మింగేస్తే మాత్రం తెల్ల రంగుతో దిద్దడానికి ప్రయత్నించకండి. తెల్ల రంగు వెలుగులు నీలి కాగితం మీద, రంగు కాగితం మీద అందంగా ఉంటాయి, తెల్ల కాగితం మీద సున్నం మరకలా కనబడతాయి. కొత్త కాగితం తీయండి. నాకు నచ్చిన అట్లాస్ తొమ్మిదోసారికి వచ్చాడు.

ఆరాక

ఒక రాత్రి బల్లపరుపుగా వదిలేయండి. మర్నాడు మైనం పట్టని పల్చని కాగితం కప్పి పుస్తకాల కింద పెడితే వంకరలు పోతాయి. లామినేషన్ చేయించకండి. ఫ్రేము కట్టిస్తే ఆమ్లం లేని అట్ట అడగండి, అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు పెట్టించండి, ఎండ పడని గోడకు తగిలించండి. మ్యూజియాలు ఇలాంటి బొమ్మలను 50 లక్స్ లాంటి మసక వెలుగులో, కొన్ని నెలలు మాత్రమే బయట పెట్టి మళ్లీ పెట్టెల్లోకి చేరుస్తాయి. మన దగ్గర వానాకాలంలో గోడ చెమ్మ పీలుస్తుంది కాబట్టి ఆ నాలుగు నెలలూ బొమ్మను గోడ మీంచి దించి పొడి అలమారాలో ఉంచడం మంచిది.

కాగితం వెనక మూలన పెన్సిల్‌తో తేదీ, వాడిన సిరా పేరు, నీళ్ల పాళ్లు రాసిపెట్టుకోండి. ఇనుప సిరాతో గీసి ఉంటే ఒక వారం తర్వాత మళ్లీ తీసి చూడండి. గీసిన రోజున లేతగా అనిపించిన మెడ కింద నీడ అప్పటికి ముదిరి ఉంటుంది. ఎంత ముదిరిందో ఆ తేదీ పక్కనే రాసుకోండి, తర్వాతి బొమ్మకు గిన్నెలు కలిపేటప్పుడు పనికొస్తుంది.